దారాల బొమ్మతో వీధిలో ఆట మొదలుపెట్టాలంటే

వీధికి ఒక్క బొమ్మ చాలు. ఆరు నిమిషాల ఆట, భుజాన వేసుకుని నడవగలిగే సంచి ఉంటే మొదలుపెట్టవచ్చు. మొదటి బొమ్మ నేల మీద నిజంగానే నిలబడిందని చూసేవాళ్లు నమ్మేదాకా రెండో బొమ్మ మాట తలపెట్టకండి. దారిన పోయేవాణ్ని ఆపేది బొమ్మ అందం కాదు, దాని అడుగు. అడుగులో బరువు కనిపించాలి. కొలతలు, దారాలు, సాధన అన్నీ దాని కోసమే.

ఏ రకం బొమ్మ?

తోలుబొమ్మలు పగటి వీధికి పనికిరావు. వాటికి తెర, వెనక దీపం, ముందు చీకటి కావాలి. తమిళనాడు బొమ్మలాట్టంలో పెద్ద బొమ్మలు నాలుగున్నర అడుగుల ఎత్తు, పది కిలోల బరువు దాకా ఉంటాయి. వాటి దారాలను ఆడించేవాడి తల మీది ఇనుప చుట్టుకు కడతారు. అది వేదిక మీద చేసే పని, సిటీ బస్సెక్కి వెళ్లి చేసేది కాదు. రాజస్థాన్ కఠ్‌పుత్లీకి సాధారణంగా కాళ్లుండవు, పొడవాటి పావడాయే ఉంటుంది. చేతికర్ర (దారాలన్నీ కట్టి చేత్తో పట్టుకునే కర్ర) కూడా ఉండదు, దారాలను నేరుగా వేళ్లకు తగిలించుకుంటారు. చెయ్యి అలవాటు కావడానికి అలాంటిదొకటి కొని కొన్ని వారాలు ఆడిస్తే మంచిదే. కానీ నడక చూపించాలంటే కాళ్లు కావాలి, కాళ్లు కావాలంటే తొమ్మిది దారాల బొమ్మ కావాలి: తలకు రెండు, భుజాలకు రెండు, నడుముకు ఒకటి, చేతులకు రెండు, కాళ్లకు రెండు.

కొలతలు, బరువులు

ఎత్తు 55 సెం.మీ., మొత్తం బరువు 800 గ్రాముల నుంచి కిలో లోపు. అంతకన్నా చిన్నదైతే మూడో వరసలో నిలబడ్డవాళ్లకు కనిపించదు. బరువు పెరిగితే పావుగంటలో ముంజేయి లాగేసి, చెయ్యి తెలియకుండానే కిందికి దిగుతుంది. అప్పుడు బొమ్మ మోకాళ్లు వంచి కూలబడినట్టు కనిపిస్తుంది.

తలకు, మొండేనికి పొనికి చెక్క బాగుంటుంది. కొండపల్లి బొమ్మలకు వాడేది అదే: తేలిక, ఉలికి మెత్తగా తెగుతుంది. ముక్కు, బుగ్గలు పెంచడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు సరిపోతుంది. పైన ఎనామిల్ రంగు రెండు పూతలు తప్పనిసరి. పూత లేకుంటే మొదటి వానకే మక్కు మెత్తబడుతుంది.

తేలిక చెక్కతో చేసిన బొమ్మకు బరువు విడిగా పెట్టాలి. దారం పైకి లాగగలదు గానీ కిందికి తోయలేదు. ఎత్తిన కాలు దిగాలంటే దాని సొంత బరువుతోనే దిగాలి. ఒక్కో పాదంలో 35 గ్రాములు, ఒక్కో అరచేతిలో 12 గ్రాములు, నడుము కింది ముక్కలో 100 గ్రాముల సీసం పెట్టండి. గేలాలమ్మే దుకాణాల్లో దొరికే సీసపు గుండ్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. చెక్కలో రంధ్రం చేసి గుండు దించి, పైన మక్కుతో మూసెయ్యండి. గుండ్లు ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పాదాలు తేలికగా ఉంటే గాలికి ఊగుతాయి. చేతులు మరీ బరువైతే ఎత్తిన ప్రతిసారీ మొండెం ముందుకు వాలుతుంది.

కీళ్లలో మోకాలిదే అసలు చిక్కు. అది వెనక్కి మాత్రమే మడవాలి. తొడ ముక్క చివర గాడి, పిక్క ముక్క చివర నాలుక చెక్కి, మధ్యలో పాత బెల్టు తోలు ముక్క పెట్టి చిన్న మేకులు కొట్టండి. ముందువైపు చెక్కకు చెక్క తగిలి ఆగిపోవాలి, వెనకవైపు చోటుండాలి. పక్కలకు ఊగే మోకాలితో ఎంత సాధన చేసినా నడక రాదు. మోచేతులకు గట్టి తాడు చాలు. నడుము దగ్గర మొండేన్ని రెండు ముక్కలు చేసి, వేలెడు ఎడం ఉండేలా వదులుగా కలపండి.

చేతికర్ర, దారాలు

అసలు కర్ర 25 సెం.మీ. పొడవు, రెండున్నర సెం.మీ. వెడల్పు. ముందు కొస నుంచి 10 సెం.మీ. దగ్గర 14 సెం.మీ. అడ్డపుల్ల బిగించండి, తల దారాలు దాని రెండు చివర్లకు. దానికి కాస్త వెనక ఒకే రంధ్రం చేసి, భుజాల దారాలు రెండూ అందులోంచే తియ్యండి. అలా ఒకే చోటి నుంచి దిగితే కర్ర తిప్పినప్పుడు ముందు తల తిరిగి, ఆ తర్వాత మొండెం తిరుగుతుంది. మనుషులు తిరిగేది కూడా అలాగే. నడుము వెనక దారం కర్ర వెనక కొసకు. చేతుల దారాలు రెండూ నిజానికి ఒకే పొడుగు దారం రెండు కొసలు, కర్ర ముందు భాగం కింద ఉన్న రింగులోంచి జారేలా. కాళ్ల దారాలకు 20 సెం.మీ. విడి పుల్ల, ముందు కొస మీది కొక్కానికి తగిలించుకునేలా. రెండో చెయ్యి తీసుకునేది ఆ పుల్లనే.

దారం నల్లటి అల్లిక రకం, అర మి.మీ. మందం. ఒంటి పోగు ప్లాస్టిక్ గేలపు తీగ కొనకండి: ఎండకు మెరుస్తుంది, చుట్టిన ఆకారం వదలదు, ముడి జారిపోతుంది. నూలు దారం తేమకు సాగి ముడుచుకుంటుంది. అల్లిక దారానికి తేనెమైనం రుద్దితే చిక్కు తక్కువ పడుతుంది.

పొడవు లెక్క మీ ఒంటిని బట్టి. నిలబడి మోచేతిని లంబకోణంలో వంచండి. చెయ్యి నేల నుంచి 102 సెం.మీ. ఎత్తులో ఉండి, బొమ్మ భుజం 44 సెం.మీ. దగ్గర ఉంటే భుజాల దారం 58 సెం.మీ. కట్టడానికి ఒక వరస ఉంది:

1. కర్రను ఆ ఎత్తులోనే తలుపు గడియకో మేకుకో వేలాడదీయండి. చేత్తో పట్టుకుని కడితే కొలత నిలవదు.
2. ముందు భుజాలు. బొమ్మ బరువంతా వీటి మీదే ఉండాలి. పాదాలు నేలను పూర్తిగా ఆనాలి.
3. తర్వాత తల. తల నిటారుగా నిలిచేటంత బిగువు చాలు. ఇంకా బిగిస్తే మెడ సాగి బొమ్మ ఉరి వేసినట్టుంటుంది.
4. నడుము దారం కాస్త వదులుగా.
5. చేతులు, ఆఖరున మోకాళ్లు. చేతులు కిందికి వేలాడుతున్నప్పుడు దారం వేలెడు వదులుండాలి. కాలి దారాన్ని మోకాలికి కొంచెం పైన, తొడకు కట్టాలి, పాదానికి కాదు.

మొదట అన్నీ జారుముళ్లే వెయ్యండి. రెండు రోజులు ఆడించి, సరిచేశాకే గట్టి ముడి. ముడి మీద ఫెవిక్విక్ పడితే దారం అక్కడే పెళుసై తెగుతుంది. చుక్క ఫెవికాల్ చాలు.

ఒక చిన్న ఏర్పాటు బాగా పనికొస్తుంది. కుడిచేతి నుంచి ఇంకో దారం తీసి, నుదుటి మీది సన్నని ఐ-హుక్ (కొసన రింగున్న మరమేకు) లోంచి పైకి పోనిస్తే, లాగగానే చెయ్యి నుదుటికి చేరి సలాం పెడుతుంది. పదో దారం వీధిలో దీనికోసమైతేనే కట్టండి.

సాధన

మొదట నిలబెట్టడం నేర్చుకోండి. కదలకుండా, ఊగకుండా, పాదాలు తేలకుండా ఒక నిమిషం. తర్వాత ఊపిరి: కర్రను అర సెంటీమీటరు ఎత్తి దించడం. తర్వాతే నడక. ఎడమ చేత్తో కాళ్ల పుల్లను అటూ ఇటూ వంచుతుంటే కుడిచెయ్యి కర్రను ముందుకు తీసుకెళ్లాలి. ఒక్కో అడుగుకి దాదాపు 10 సెం.మీ. చెయ్యి తొందరపడితే బొమ్మ ఈడ్చుకుపోతుంది, వెనకబడితే ఉన్నచోటే కవాతు చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు పాదాలు గాల్లో తేలడం. అద్దంలో అది తెలియదు. ఫోన్‌ను మీటరు ఎత్తులో, అంటే చిన్నపిల్లల కంటి ఎత్తులో పెట్టి వీడియో తీసి చూడండి.

మీ చూపు ఎప్పుడూ బొమ్మ మీదే. మీరు జనాన్ని చూస్తే జనం మిమ్మల్నే చూస్తారు, బొమ్మ చెక్కముక్క అయిపోతుంది. బట్టలు ముదురు రంగువి, గీతలూ పూలూ లేకుండా. బొమ్మకు లేత రంగువి, ఒంటికి అతుక్కునేవి. వదులు పావడా గాలికి తెరచాపలా లేస్తుంది.

చోటు, అనుమతి

వెనక గోడ ఉండాలి, నేల చదునుగా ఉండాలి, జనం ఆగినా పాదచారులకు ఒకటిన్నర మీటర్ల దారి మిగలాలి. ఒకటిన్నర మీటర్ల చదరం చాప పరిస్తే పిల్లలు దాని అంచునే కూర్చుంటారు, పాదాలూ జారవు. విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం సముద్రపు గాలి దారాలను పక్కకు నెడుతుంది. తెల్లవారి నడకకు జనం వచ్చే వేళే నయం. చార్మినార్ చుట్టూ జనానికి కొదవలేదు గానీ ఆగేవాళ్లు తక్కువ, అక్కడ ఆట మూడు నిమిషాలకు కుదించాలి. శిల్పారామం లాంటి చోట్ల లోపలి నిర్వాహకులను అడగాలి.

రోడ్డు, ఫుట్‌పాత్ అయితే నగరపాలక సంస్థకు, స్థానిక పోలీసు స్టేషనుకు తేదీ, వేళ, చోటు రాసిన అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన ప్రతి జేబులో ఉంచుకోండి. లౌడ్‌స్పీకరుకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లిఖితపూర్వక అనుమతి ఉండాలి. బహిరంగంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు. అసలు స్పీకరు లేకుండా డప్పో కంజీరో వాయించే స్నేహితుడు దొరికితే అన్ని విధాలా మేలు.

ఆట, డబ్బు

బొమ్మ పెట్టె మీద నిద్రపోతూ ఉంటుంది. లేస్తుంది, చుట్టూ చూస్తుంది, ఒక పిల్లవాణ్ని ఎంచుకుని దగ్గరికి నడుస్తుంది. భయపడి వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వెళ్తుంది. ఈమాత్రం కథ చాలు. డబ్బు అడగాల్సింది ఆట ముగిశాక కాదు, ముగియడానికి అర నిమిషం ముందు. అయిపోయిందని పసిగట్టగానే వెనక వరస కదిలిపోతుంది. అడగాల్సింది కూడా మీరు కాదు, బొమ్మే: తట్ట దగ్గరికి నడిచి, లోపలికి తొంగిచూసి, తల ఎత్తాలి. తట్టలో ముందే నాలుగు నోట్లు వేసి ఉంచండి.

యూపీఐ క్యూఆర్‌ను ఏ4 సైజులో లామినేషన్ చేయించి, నడుం ఎత్తులో పెట్టండి. మీ కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కరు అంటించారేమో ఆట ఆటకీ చూసుకోండి. సౌండ్ బాక్సును ఆట మధ్యలో ఆపెయ్యడమే మర్యాద. అది మోగినప్పుడల్లా బొమ్మ సలాం పెట్టేలా అలవాటు చేస్తే మాత్రం నవ్వు ఖాయం.

బొమ్మను పిల్లల చేతికివ్వకండి. ముట్టుకోవాలంటే పాదం మాత్రమే. దారాలు తెగేది ఎక్కువగా ఆట తర్వాతే. సంచిలో పెట్టేముందు కాళ్ల పుల్ల కొక్కానికి తగిలించి, దారాలన్నీ కలిపి కర్ర కింద రిబ్బన్‌తో కట్టి, కర్రకు అడ్డంగా ఎనిమిది ఆకారంలో చుట్టండి. చిక్కు పడితే లాగకండి. కర్రను పైకెత్తి బొమ్మను దానంతట అదే తిరగనివ్వండి, సగం విడిపోతుంది. మిగతాది కాళ్ల పుల్లతో మొదలుపెట్టి, తల దారాల దాకా వరసగా విప్పండి. సంచిలో పది మీటర్ల దారం, కత్తెర, నాలుగు ఐ-హుక్‌లు, ఫెవికాల్ ట్యూబు ఎప్పుడూ ఉండాలి.