ఉంబ్రియా కొండల్లో పాత రైలుదారి మీద సైకిల్ యాత్ర: మన జిల్లాల నుంచి వెళ్లేవారికి

నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలును చూసినవారు శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. 1900లో పర్లాకిమిడి దాకా మొదలై, 1931లో గుణుపురం చేరిన ఆ దారిలో 2004లో చిన్న రైలు ఆగిపోయింది, ఆ తరువాత అదే దారి మీద పెద్ద పట్టాలు పడ్డాయి. సరిగ్గా అలాంటి చిన్న రైలే ఇటలీ నడిమధ్యనున్న ఉంబ్రియా ప్రాంతంలో స్పొలేతో, నోర్చా అనే రెండు ఊళ్ల మధ్య 1926 నుంచి 1968 దాకా నడిచింది. అక్కడ పట్టాలు తీసేశాక ఆ మార్గం సైకిళ్లకూ పాదచారులకూ మిగిలింది. కొండ ప్రాంతంలో లారీల హారన్లు, బస్సుల గాలివిసురు లేకుండా సంచులు కట్టుకుని రోజుల తరబడి తొక్కాలనుకునేవారికి, ముఖ్యంగా నలభై దాటి కొత్తగా దూరప్రయాణాలు మొదలుపెట్టినవారికి, నేను మొదట సూచించేది ఈ దారినే.

అందుకు కారణం వాలు. రైలు చక్రమూ పట్టా రెండూ లోహమే కావడంతో ఎత్తు ఎక్కువైతే పట్టు జారిపోతుంది. కాబట్టి ఈ మార్గాన్ని రూపొందించిన స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్విన్ తోమన్ కొండను నేరుగా ఎక్కకుండా, చుట్టూ మెలికలు తిప్పుతూ, అడ్డొచ్చిన చోట సొరంగం తవ్వి, లోయ వచ్చిన చోట రాతి వంతెన కట్టి, వెయ్యి మీటర్ల దూరానికి ఎత్తు 45 మీటర్లు మించకుండా నడిపించారు. సుమారు 51 కిలోమీటర్ల దారిలో 19 సొరంగాలు, 24 వంతెనలు ఏర్పడ్డాయి. ఆనాడు ఇంజిను కోసం పడిన ఆ శ్రమ ఈనాడు మన మోకాళ్లకు కలిసివచ్చింది. మామూలు ఘాట్ రోడ్డు మలుపుల్లో సైకిల్ దిగి నెట్టుకుంటూ నడవాల్సిన అవస్థ ఈ ఎక్కుడులో రాదు. అయితే ఎక్కుడు సన్ననిదే అయినా విరామం లేనిది కాబట్టి, ఒకే వేగంతో గంటన్నర తొక్కగలిగే ఓర్పు మాత్రం ఇక్కడినుంచే సంపాదించుకుని వెళ్లాలి.

ఆ సాధనకు మన జిల్లాలు చక్కగా సరిపోతాయి. మొదటి నెల విజయనగరం నుంచి రామతీర్థం దాకా, తరువాత గంట్యాడ మీదుగా తాటిపూడి జలాశయం దాకా తెల్లవారుజామున వెళ్లి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. కాళ్లు కుదిరాక శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపు ఎక్కాలి. శ్రీకాకుళం వైపువారికి పాలకొండ దాటి సీతంపేట కొండలు ఉన్నాయి. ఆదివారాలు అరకు కార్ల రద్దీ ఉంటుంది కనుక ఘాట్ సాధనకు వారం మధ్యరోజునే ఎంచుకోవడం క్షేమం. ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగినంత శ్వాస మిగులుతోందా అన్నదే కొలత. మాట తెగిపోతుంటే గేరు తగ్గించాలి. చివరి నాలుగు సవారీలు తప్పనిసరిగా నిండు సంచులతోనే చేయాలి, ఎందుకంటే క్యారియర్‌కు పది కిలోలు వేలాడినప్పుడు సైకిల్ మలుపులో తిరిగే తీరూ, బ్రేకు పట్టే దూరమూ రెండూ మారిపోతాయి.

వెళ్లడానికి ఏప్రిల్ చివర నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబరు, అక్టోబరు నెలలు మంచివి. ఇటలీ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. విశాఖపట్నం నుంచి విమానాలు మారుతూ రోమ్ చేరి, అక్కడి తెర్మినీ స్టేషన్‌లో అంకోనా వైపు వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కితే స్పొలేతోలో దిగవచ్చు. సైకిల్ బొమ్మ ఉన్న ప్రాంతీయ రైళ్లలో వేరే టికెట్టు కొని సైకిల్‌ను వెంట తీసుకెళ్లనిస్తారు. నా మట్టుకు నేను ఇక్కడినుంచి సైకిల్ మోసుకెళ్లడం కంటే స్పొలేతోలో అద్దెకు తీసుకోవడమే మేలంటాను. బ్యాటరీ సైకిల్ కావాలనుకునేవారికి ఎలాగూ వేరే దారి లేదు, ఎందుకంటే 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి అనుమతించరు. ఈ దారిలో చాలా భాగం కంకర కాబట్టి సన్నటి రేసింగ్ టైర్లు పనికిరావు, కనీసం 38 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు అడగాలి. సీటును మాత్రం ఇక్కడ అలవాటైనదాన్నే విప్పి పెట్టెలో పెట్టుకుని వెళ్లి అక్కడి సైకిల్‌కు బిగించుకోవడం ఎంతో సుఖం.

మొదటి రోజు కొండ జోలికి వెళ్లకూడదు. స్పొలేతో నుంచి అసీసీ వరకు కాలవగట్ల వెంట దాదాపు 50 కిలోమీటర్ల చదునైన సైకిల్ దారి ఉంది. ఒకవైపు ఆలివ్ తోటల మధ్య గుట్ట మీద కూర్చున్న త్రేవీ, దారిలో బెవాన్యా, ఉల్లిపాయలకు పేరున్న కన్నారా, చివర సెయింట్ ఫ్రాన్సిస్ పుట్టిన అసీసీ వస్తాయి. విమాన ప్రయాణపు బడలిక తీరడానికీ, అద్దె సైకిల్‌లో లోపాలుంటే బయటపడటానికీ ఈ రోజు ఉపయోగపడుతుంది. సాయంత్రం రైల్లో స్పొలేతోకు తిరిగి రావచ్చు.

రెండో రోజు పొద్దున్నే పాత రైలుదారి పట్టాలి. ఊరు దాటగానే ఎక్కుడు మొదలై, వంతెనల మీదుగా, పొట్టి సొరంగాల గుండా సాగి కప్రరెచ్చా అనే పెద్ద సొరంగం దగ్గర 625 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఈ సొరంగం పొడవు దాదాపు రెండు కిలోమీటర్లు. ఇక్కడ జాగ్రత్త పడనివారికి యాత్ర చేదుగా మిగులుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సొరంగం ముఖం దగ్గర ఆగి, చలువ కళ్లజోడు తీసి, చొక్కా మీద గాలి చొరని కోటు వేసుకోవాలి. ఎక్కుడు వల్ల వీపంతా చెమట పట్టి ఉంటుంది, లోపలి చల్లదనం ఆ తడి మీద తగిలిందంటే పళ్లు కొట్టుకుంటాయి. దీపాలు రెండు ఉండాలి, ఒకటి హ్యాండిల్‌కు, మరొకటి హెల్మెట్‌కు. హ్యాండిల్ దీపం నేలను చూపిస్తుంది, తలమీది దీపం మనం చూసినవైపు చూస్తుంది. నేను ఒక్క దీపంతో వెళ్లినప్పుడు అది సగం దూరంలో మసకబారింది. వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన ద్వారం చిటికెన వేలి గోరంత తెల్ల చుక్కగా కనిపించింది, ముందు ఏమీ కనిపించలేదు, పైకప్పు నుంచి నీటిబొట్లు రాలే చప్పుడూ, టైరు కింద కంకర నలిగే చప్పుడూ తప్ప వేరే ఆధారం లేకుండా సైకిల్ దిగి గోడ పక్కనే నడిచాను. ఆ తరువాత ఛార్జింగ్ నిండుగా చూసుకోకుండా ఏ సొరంగంలోకీ వెళ్లలేదు. ఎదురుగా ఎవరైనా వస్తుంటే దీపాన్ని కిందికి వంచాలి. సొరంగాల్లో మెరిసే చొక్కా తొడుక్కోవడం ఇటలీ రోడ్డు నిబంధనల ప్రకారం కూడా సైకిలిస్టుల బాధ్యత.

సొరంగం దాటాక దారి కొండను చుట్టుకుంటూ, తాను వచ్చిన చోటికే తిరిగి వస్తున్నదా అనిపించేలా, నేరా నది లోయలోకి దిగుతుంది. కంకర మీద దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, బరువును సీటు వెనక్కి జరిపి రెండు బ్రేకులనూ విడిచి విడిచి పట్టాలి. లోయలోని సంత్అనతోలియా ది నార్కో దగ్గర ఆ రోజుకు ఆగిపోవడం మంచిది. అక్కడినుంచి నదికి ఎదురుగా వల్లో ది నేరా మీదుగా నోర్చా వైపు వెళ్లవచ్చు, లేదా నది వాలున స్కెజ్జీనో మీదుగా మర్మొరె జలపాతం వైపు వెళ్లవచ్చు. 2016 ఆగస్టు, అక్టోబరు నెలల్లో వచ్చిన భూకంపాలు నోర్చాను బాగా దెబ్బతీశాయి, ఆ లోయల్లో రాళ్లు విరిగిపడటం కూడా జరుగుతుంటుంది. కనుక ఎగువకు వెళ్లదలచినవారు ఏ భాగం తెరిచి ఉందో స్పొలేతోలోనే అడిగి తెలుసుకుని కదలాలి. మొదటిసారి వెళ్లేవారు దిగువ దారే ఎంచుకోవాలని నా అభిప్రాయం. 165 మీటర్ల మర్మొరె జలపాతాన్ని రోమన్లు క్రీస్తుపూర్వం 271లో వెలీనో నదిని మళ్లించి సృష్టించారు. దాని నీటిని విద్యుత్తు కోసం వాడుకుంటారు కాబట్టి వదిలే వేళలు ముందుగా చూసుకుని వెళ్లకపోతే తడి రాళ్లు మాత్రమే కనిపిస్తాయి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు పల్లెల్లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, అందుచేత ఉదయమే పండ్లు, రొట్టె కొని సంచిలో వేసుకోవాలి. ఊరి కూడళ్లలో కుళాయిల నీళ్లు తాగవచ్చు, కానీ 'నోన్ పొతాబిలె' అని రాసి ఉంటే ముట్టకూడదు. నోర్చా పంది మాంసానికి పెట్టింది పేరు కాబట్టి శాకాహారులు వండే ముందే 'సెంత్సా కార్నె', అంటే మాంసం లేకుండా, అని చెప్పాలి. అక్కడి పొయ్యి పలక మీద కాల్చే 'తోర్తా అల్ తేస్తో' రొట్టె, కస్తెల్లూచ్చో పొలాల చిన్న పప్పు కలిస్తే మన నోటికి బాగానే ఆనుతాయి. వెంట చిన్న డబ్బాలో కందిపొడి ఉంటే ఇంకా మంచిది.

అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి, కానీ సొరంగాల్లో సిగ్నల్ ఉంటుందని నమ్మకూడదు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లి, దీపం ఉన్నవారు ముందొకరు, వెనకొకరు నడవాలి. రెండు అదనపు ట్యూబులు, ప్యాచ్‌లు, పంపు, చెయిన్ నూనె చాలు. కంకర దుమ్ము చెయిన్‌కు పట్టి ఉంటుంది కాబట్టి రోజూ సాయంత్రం పాత గుడ్డతో తుడిచి చుక్క నూనె వేసి, టైర్ల గాట్లలో ఇరుక్కున్న రాళ్లను తాళంచెవితో తీసేయాలి. ఆ పని పొద్దున చేద్దామనుకుంటే రాత్రికే ఒక టైరు దిగిపోయి ఉంటుంది.