రొయ్యల రీసెర్చ్ పేపర్‌ని తెలుగులో పంచాలంటే ముందు లైసెన్స్ చూడండి

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువులు వేసిన రైతులకి రొయ్యల తెల్లమచ్చ వ్యాధి మీద వచ్చిన పేపర్‌ని తెలుగు చేసి వాట్సాప్‌లో పంపాలనుకుంటున్నారా, చాలా మంచి పని, కానీ ఫ్రీగా డౌన్‌లోడ్ అయింది కదా అని మొదలుపెట్టేయకండి. చదవనివ్వడం వేరు, వాడుకోనివ్వడం వేరు. 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ఓపెన్ యాక్సెస్‌లో (అంటే పరిశోధనల్ని అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టడంలో) కాపీ చేసుకోవడం, పంచుకోవడం కూడా భాగమనే చెప్పింది, అయినా కొన్ని పేపర్లు చదవడం దగ్గరే ఆగిపోతాయి.

పీడీఎఫ్ మొదటి పేజీ అడుగున గానీ చివర్లో గానీ లైసెన్స్ పేరు వెతకండి. 'సీసీ బై' (CC BY, అంటే రచయిత పేరు చెప్పి వాడుకోమనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్) ఉంటే నిశ్చింతగా అనువదించండి, కరపత్రంగా అచ్చేసి అమ్మినా తప్పులేదు. దానికి 'ఎన్‌సీ' (NC) తోడైతే వ్యాపారానికి వాడకూడదు, అంటే మేత కంపెనీ ప్రకటనలో పెట్టడం కుదరదు. 'ఎస్‌ఏ' (SA) ఉంటే మీ అనువాదానికీ అదే లైసెన్స్ ఇవ్వాలి. నాకు బాధ కలిగించేది 'ఎన్‌డీ' (ND). పేపర్‌ని ఉన్నదున్నట్టు పంచుకోవచ్చు గానీ అనువాదం కూడా మార్పు కిందే లెక్క కాబట్టి దాన్ని పంచడానికి వీల్లేదు, ఇంగ్లీషు రాని రైతుకి ఆ తలుపు మూసేసినట్టే.

రచయితల పేర్లు, పేపర్ శీర్షిక, లింకు, లైసెన్స్ పేరు రాసి, ఇది మీ అనువాదమని కూడా చెప్పండి. బొమ్మల కింద వేరే వాళ్ల హక్కులని రాసుంటే వాటిని వదిలేయండి.

లైసెన్స్ అసలు కనపడకపోతే అన్ని హక్కులూ రచయితలవే అనుకుని, పేపర్‌లో ఉన్న ఈమెయిల్‌కి రాసి అనుమతి అడగండి. హక్కులు జర్నల్‌కి రాసిచ్చేసి ఉంటే ప్రచురణకర్తనే అడగాలి.