రీఫ్ ట్యాంకులో పిలవని చుట్టాలు: ముందు పేరు, తర్వాతే మందు

నా రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలో, ఇసుక మీద గోధుమరంగు జిగురు కనిపించగానే నేను చేసిన మొదటి పని చేపల మేత సగానికి తగ్గించడం. సయనో, అంటే జిగురు పొరలా పరుచుకునే ఒక రకం బాక్టీరియా అనుకున్నా. ఫాస్ఫేట్‌ని పీల్చే ఫిల్టర్ పదార్థం కూడా పెట్టా. రెండు వారాల్లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దిగాయి, జిగురు మాత్రం రాళ్లెక్కి, చివర్లలో గాలిబుడగలు వేలాడేసుకుని తీగల్లా ఊగడం మొదలెట్టింది, నత్తలేమో ఒక్కొక్కటే వెల్లకిలా పడిపోతున్నాయి. తీరా చూస్తే అది సయనో కాదు, డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు, పొట్టిగా డైనోలు. పోటీకొచ్చే నాచు, బాక్టీరియా పోషకాల్లేక చిక్కిపోతే రాజ్యమేలేవి ఇవే. నేను మందనుకుని ఎరువు వేశానన్నమాట.

ఈ రెంటినీ విడదీయడానికి పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. జిగురుని కాస్త ట్యాంకు నీళ్లతో సహా చిన్న సీసాలోకి లాగి, గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టి, ఆ వడకట్టిన నీళ్లని లైటు కింద ఓ గంట పెట్టండి. విడిపోయినవి మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని తీగలుగా, ముద్దగా చేరితే దాదాపు డైనోలే. సయనో అయితే ట్యాంకులో ఉన్నప్పుడే తెలుస్తుంది, ఎక్కువగా ముదురు ఎరుపులో ఉండి, పైపుతో లాగితే దుప్పటి లేచినట్టు పొరగా లేచొస్తుంది. పిల్లల మైక్రోస్కోపు ఒకటుంటే ఇంకా నయం: ఒక కొసకి కట్టేసినట్టు అక్కడక్కడే గిరగిరా తిరిగే నీటిచుక్క ఆకారాలు ఆస్ట్రియాప్సిస్, గుడ్డు ఆకారంలో నిదానంగా జారిపోయేవి యాంఫిడీనియం.

ఏ డైనో అన్నది తెలియాలి, ఎందుకంటే ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్లలోకి తేలుతుంది కాబట్టి యూవీ (నీళ్లని అతినీలలోహిత కాంతిలోంచి పంపే పరికరం) దాన్ని పట్టుకుంటుంది, యాంఫిడీనియం ఇసుక వదలదు కాబట్టి దానికి యూవీ పెట్టినా దండగే. దానికి సిలికేట్ కొంచెం కొంచెం వేసి డయాటమ్స్ అనే సూక్ష్మ నాచుని పెంచి పోటీకి దింపుతారు. ఏదైనా సరే నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబెట్టండి, నీళ్లు మార్చడం కొన్నాళ్లు ఆపండి, మూడు రోజులు లైట్లార్పేసి మొదలుపెడితే ఊపు వస్తుంది. సయనోకి మాత్రం మేత తగ్గించడం, పైపుతో లాగేయడం, ప్రవాహం తగలని మూలకి పవర్‌హెడ్ (నీళ్లని కదిలించే చిన్న పంపు) తిప్పడం పనిచేస్తాయి. యాంటీబయాటిక్ మందు ఆఖరి మాట, అదీ గాలి బాగా ఆడేలా చూసుకునే. కొత్త ట్యాంకులో మొదటి నెలల్లో పరుచుకునే గోధుమరంగు పొడి డయాటమ్స్, దానికి టెన్షన్ వద్దు, కొన్ని వారాల్లో అదే పోతుంది.

ఇక ఎయిప్టేసియా, కలుపుమొక్కలా పెరిగే ఒక సీ అనీమోన్. ఇది రాని ట్యాంకు నేనైతే చూడలేదు. లేత గోధుమరంగులో, లోపల వెలుతురు పారేంత పల్చని కాడ, పైన సన్నని పొడుగాటి తంతులు, వేలు దగ్గరికి తెస్తే చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. కొసలు బుడిపెల్లా ఉండి, పొట్టిగా, కాస్త పచ్చగా ఉంటే అది మజానో అనే ఇంకో అనీమోన్, వైద్యం మాత్రం ఒకటే. గీకొద్దు, చిదమొద్దు, తెగిన ముక్క ప్రతిదీ పిల్లై లేస్తుంది, గరికలాగే. కాల్క్‌వాసర్ పొడి, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, కొద్ది ఆర్ఓ నీళ్లతో పిండిముద్దలా కలిపి సిరంజిలోకి ఎక్కించండి. పంపులన్నీ ఆపండి. సూదిని తాకీ తాకనట్టు నోటి దగ్గరికి తీసుకెళ్తే అది మేతనుకుని అందుకుంటుంది, అప్పుడు నెమ్మదిగా వదిలి మొత్తం కప్పేయండి. పావుగంట ఆగి పంపులు వేయండి. పీహెచ్ ఎగబాకుతుంది కాబట్టి రోజుకి మూడు నాలుగుకి మించొద్దు.

వందల్లో ఉంటే సిరంజి పనికాదు, తినేవాటిని తేవాలి. పెప్పర్‌మింట్ రొయ్యలు తింటాయి, అన్నీ కాదు. ఇక్కడా పేరు గొడవే: వీటి పేరుతో ఒంటె రొయ్య అంటగడతారు, వీపు మీద గూని, ఎర్రటి ఒంటిమీద తెల్లటి గీతలు, చుక్కలు ఉంటే అదే, అది పగడాల్నే తింటుంది. బెర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్ (గుల్ల లేని నత్త) ఎయిప్టేసియా తప్ప ఇంకేదీ ముట్టదు, నా ఓటు దీనికే, కానీ ట్యాంకులో రాస్ చేపలుంటే ముందు దీన్నే ఫలహారం చేస్తాయి.

లైట్లార్పిన రెండు గంటలకి ఎర్రటి వెలుతురు టార్చితో చూడండి, సగం జనాభా అప్పుడే బయటికొస్తుంది. గొంగళిపురుగులా కదిలే బ్రిసిల్‌వార్మ్ కనిపించగానే పట్టకారు తీసుకోకండి, అది మిగిలిన మేత తినే పాకీ మనిషి. ఎక్కువయ్యాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని. ముల్లు గుచ్చుకుంటే అంటుకునే టేపు వేసి లాగేయండి.

తుప్పు రంగులో, నువ్వుగింజంత ఉండి, తోక కొనలుగా చీలిన బల్లపరుపు పురుగులు పదీ ఇరవై అయితే వదిలేయొచ్చు. గాజు ఎర్రబడేంత అయితే మందు వేయాల్సిందే, కానీ చచ్చేటప్పుడు వీటి ఒంట్లోంచి విషం వదులుతుంది. అందుకే ముందు సన్నపైపుతో లాగగలిగినన్ని లాగి, యాక్టివేటెడ్ కార్బన్, మార్చడానికి కలిపిన ఉప్పునీళ్లు పక్కన పెట్టుకుని మరీ మందు వేయండి.

పచ్చటి గాజుగోళీల్లాంటి బబుల్ ఆల్గేని మొదలంటా పెకిలించి తీసేయండి, ఎమరాల్డ్ పీత సాయం చేస్తుంది. పక్షి ఈకలా రెండువైపులా చీలిన నాచు బ్రయాప్సిస్, దానికి ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకి 5 మిల్లీగ్రాముల చొప్పున వేసి, కార్బన్ తీసేసి, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. సాలెగూడు దారాలు వదిలే గొట్టం నత్తలకి గొట్టం మూతి మీద జెల్ సూపర్‌గ్లూ చుక్క చాలు.

కొత్త పగడం తెచ్చినప్పుడు దాన్ని అతికించిన కింది బిళ్లని (ఫ్రాగ్ ప్లగ్) విరిచి పారేయండి, గుడ్లు ఉండేది అక్కడే. డిప్, అంటే పగడాన్ని ముంచే మందునీళ్లు, పురుగుల్ని రాల్చగలదు, గుడ్లని ఏం చేయలేదు, అందుకే వారానికోసారి చొప్పున మళ్లీ మళ్లీ ముంచుతూ నెల పైనే విడి ట్యాంకులో ఉంచాలి. అక్రోపొరా పగడం మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలుంటే చదును పురుగులు, మాంటిపొరా పగడం అంచు తెల్లబడుతుంటే అడుగున తెల్లటి చిన్న స్లగ్‌ల కోసం వెతకండి.

విసిగిపోయి రాయిని తీసి సలసల మరిగిస్తే సరి అనుకునేవాళ్లుంటారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టే అది. రాయి మీద జోయాంతిడ్లు (గుంపుగా పెరిగే, పువ్వుల్లాంటి మెత్తని పగడజాతి జీవులు), ముఖ్యంగా వాటిలో పాలిథోవా రకం ఉంటే వాటిలోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది, దాన్ని పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిపాలైన సందర్భాలున్నాయి. మరిగించొద్దు, ఇంట్లో బ్రష్షుతో పొడిగా రుద్దొద్దు, వేడినీళ్లు పోయొద్దు. వాటిని కోయాల్సొస్తే నీళ్లలోనే, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని.