మక్కచేను మీద పడే అడవిపందులు: కంచె, కాగితం, తుపాకి

అడవి అంచున మక్క వేసే రైతుకు ఒక్క పంటలోనే రెండుసార్లు పందుల బెడద. విత్తిన వారంలోపు సాలు వెంబడి గింజ తవ్వుకుని తింటాయి. పీచు వచ్చిన మూడు వారాలకు, కంకిలో పాలు పట్టినప్పుడు మళ్లీ గుంపుగా దిగుతాయి. తినేదానికంటే తొక్కి పడగొట్టేదే ఎక్కువ. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వైపు ఊళ్లలో దీనికి మోటారు స్టార్టర్ నుంచి తీగ లాగడం, ఉచ్చు పెట్టడం, నాటు తుపాకి పట్టుకోవడం పాత అలవాట్లు. మూడూ జైలుకు పంపేవే. చట్టం లోపల ఉండి ఏం చేయొచ్చు, ఏ సామాను పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, చివరికి తుపాకి తప్పదంటే ఏ కాగితం కావాలి అన్నది చూద్దాం.

ముందు ఏ జంతువో తేల్చుకోండి

చేనులో నష్టం కనబడగానే పంది అనేస్తారు. తెల్లారి ఎండ ఎక్కకముందే గెట్టు వెంట ఒకసారి నడిస్తే తేలిపోతుంది. పంది అడుగులో రెండు గిట్టల గుర్తు ముందుంటుంది, మెత్తటి నేలలో దాని వెనక రెండు పక్కలా చిన్న గిట్టల గుర్తులు కూడా దిగుతాయి. దుప్పి అడుగు సన్నగా మొనదేలి ఉంటుంది, వెనక గిట్టలు మామూలుగా పడవు. పంది కర్రను మొదట్లో విరిచి పడేసి కంకి నములుతుంది, పక్కనే మూతితో నేల దున్నినట్టు ఉంటుంది. మనుబోతు నిలబడే పైనుంచి మేస్తుంది. మొదలు కొరికి కోసినట్టుంటే అది ముళ్లపంది. పగలు పోయిన కంకులు కోతుల పని.

ఇంకా నమ్మకంగా కావాలంటే ట్రయిల్ కెమెరా, అంటే ముందు జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది. మోకాలి ఎత్తున గుంజకు కట్టి, పంది దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా తిప్పితే జంతువు ఎక్కువ సేపు ఫ్రేమ్‌లో ఉంటుంది. ఉత్తరం వైపు ముఖం పెడితే ఎండకు ఉత్తుత్తి ఫొటోలు తగ్గుతాయి. ముందున్న గడ్డి కోసేయకపోతే రాత్రంతా గాలికి ఊగే ఆకులే వస్తాయి. మీ చేనులోనే పెట్టండి, అటవీ భూమిలో అనుమతి లేకుండా వద్దు. తేదీ, సమయం పడిన ఆ ఫొటోలే రేపు దరఖాస్తుకు ఆధారం.

స్టార్టర్ తీగ ఎందుకు చంపుతుంది

ఫ్యూజు ఉంది కదా, ఏమైనా అయితే కొట్టేస్తుంది అన్న ధీమా చాలామందిది. ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు దాటి పోతే గుండెకు ముప్పు మొదలవుతుంది. మోటారు ఫ్యూజు పోవాలంటే పది ఇరవై ఆంపియర్లు కావాలి. తీగకు తగిలిన మనిషిలోంచి పోయేది ఆంపియరులో చిన్న వంతు. ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు, మనిషికి అదే ప్రాణం. పైగా 230 వోల్టుల కరెంటు ఆగకుండా వస్తుంది, కండరాలు బిగుసుకుపోయి చేయి వదలదు. రాత్రి పెట్టి పొద్దున్నే తీసేస్తానన్నవాళ్లే మర్చిపోయి నీళ్లు పెట్టడానికి పోయి పడిపోతున్నారు.

ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు ప్రాణహిత దాటి వచ్చే పులులూ ఇలాంటి తీగలకే చనిపోయాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లెక్కలో తీగ పెట్టడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, కుక్కలతో తరమడం, ఎర వేయడం అన్నీ వేటే. జంతువు దొరక్కపోయినా ప్రయత్నమే నేరం. పందికైతే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్ జంతువు, అంటే పులిలాంటిది పడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా. కరెంటు దొంగతనానికి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ వేరే. మనిషి చనిపోతే అది హత్యకాని ప్రాణహరణం కేసుగా మారుతుంది. పిండి ముద్దలో నాటు బాంబు పెట్టేవాళ్ల మీద పేలుడు పదార్థాల చట్టం కూడా పడుతుంది, ఆ ముద్దను పక్కింటి ఆవు తిన్నా సరే.

సోలార్ కంచె సరిగ్గా పెట్టడం

సోలార్ కంచెలో వోల్టులు వేలల్లో ఉన్నా షాక్ సెకనుకు ఒకసారి, అదీ సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత సేపు. తగిలినవాడు వెనక్కి దూకగలడు. ఈ పని చేసేది ఎనర్జైజర్ పెట్టె. ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం చేసిందే కొనండి, సంతలో విప్పి కట్టిన పెట్టెలు వద్దు. పెట్టె లేకుండా తీగను బ్యాటరీకో మెయిన్ లైనుకో కలిపితే అది సోలార్ కంచె అనిపించుకోదు.

లెక్క చూడండి. చదరంగా ఉన్న ఎకరం చుట్టుకొలత దాదాపు 255 మీటర్లు. మూడు తీగలకు 765, ముడులకూ గేటుకూ కలిపి 850 మీటర్లు పెట్టుకోండి. 14 గేజి జీఐ తీగ మీటరుకు సుమారు 25 గ్రాములు, అంటే 21 నుంచి 22 కిలోలు. అయిదు మీటర్లకు ఒక గుంజ చొప్పున 51 గుంజలు, 153 ఇన్సులేటర్లు. అదే నలుగురు కలిసి నాలుగెకరాలకు ఒక్కటే కంచె వేస్తే చుట్టుకొలత 510 మీటర్లే. ఎకరానికి ఖర్చు సగానికి పడిపోతుంది, పెట్టె ఒక్కటే చాలు. గెట్టు పంచాయితీలు లేని నలుగురు దొరకడమే కష్టం.

ఎత్తులు పందికి తగ్గట్టు ఉండాలి: మొదటి తీగ నేల నుంచి 8 అంగుళాలు, రెండోది 16, మూడోది 26. పంది ఒంటి మీది గరుకు వెంట్రుక షాక్‌ను చాలావరకు ఆపేస్తుంది, తగలాల్సింది తడి ముక్కుకు. మొదటి తీగ అడుగు ఎత్తు దాటితే ముక్కు కిందినుంచి దూరి వీపు మీద తగులుతుంది. అప్పుడు పంది వెనక్కి పోదు, చేనులోకే దూకుతుంది. వాగు గండ్లు, నీళ్ల కాలువలు ఉన్నచోట గుంజలు దగ్గర చేసి కింద అదనపు తీగ వేయండి. గుంపు మొదట వెతికేది అక్కడే.

కంచె పనిచేయకపోతే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఎర్తింగ్‌దే. చల్క నేలలో ఇది మరీ ఎక్కువ, పైపొర నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, పది అడుగుల ఎడంతో, బోరు పక్కనో తడి కాలువ పక్కనో దిగగొట్టి ఒకే తీగతో కలపండి. ఇంటి ఎర్తింగ్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్‌కు కనీసం ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. పరీక్ష ఇలా: ఎర్తింగ్ నుంచి వంద మీటర్ల దూరంలో కంచె ఆపి, రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో గుచ్చి తీగకు ఆనించండి. పెట్టె మళ్లీ ఆన్ చేసి, కంచె వోల్టేజి రెండు వేల కిందికి పడిందని చూసుకుని, ఎర్తింగ్ కడ్డీ దగ్గర కంచె వోల్టులు చూపే టెస్టర్ పెట్టండి. అక్కడ 300 వోల్టులు దాటితే ఇంకో కడ్డీ కావాలి. యాసంగిలో నేల బాగా ఎండితే మధ్య తీగను పెట్టె నుంచి విడదీసి ఎర్తింగ్‌కు కలపండి. పంది రెండు తీగల మధ్య దూరినప్పుడు నేల తడితో పని లేకుండానే షాక్ తగులుతుంది. రేగడి నేలలో ఈ తిప్పలు తక్కువ.

బ్యాటరీ లెక్క తేలిక. పెట్టె 0.4 ఆంపియరు లాగితే పన్నెండు గంటల రాత్రికి దాదాపు 5 ఆంపియర్-అవర్లు. 40 వాట్ల సోలార్ పలక మామూలు ఎండలో రోజుకు 9, 10 ఇస్తుంది. వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టినా లాగాలంటే 12 వోల్టుల 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉండాలి. మీటరులో 12 వోల్టుల కంటే కిందికి పోనివ్వకండి.

రోజూ సాయంత్రం టెస్టర్‌తో కంచె చివరి గుంజ దగ్గర చూడాలి. 4,000 వోల్టులకు పైన ఉంటే నిశ్చింత. తగ్గితే ముందు గడ్డి చూడండి. తీగకు తగిలిన ఒక్కో గడ్డి పోచ కొంచెం కరెంటు నేలలోకి పారిస్తుంది, వాన పడిన మర్నాడు అవన్నీ కలిసి కంచెను చంపేస్తాయి. రెండడుగుల పట్టీ కొడవలితో శుభ్రంగా ఉంచుకోండి. ఆ తర్వాత పగిలిన ఇన్సులేటరు. చీకట్లో టిక్ టిక్ అని చిన్న నిప్పురవ్వ కనబడితే అదే.

తీగ లాగిన రోజే కంచె ఆన్ చేయాలి. రెండు రోజులు ఖాళీగా వదిలితే పందులు దాటడం నేర్చుకుంటాయి, తర్వాత షాక్ ఇచ్చినా ఆగవు. 11 కేవీ లైను కింద కంచెను పొడుగునా నడిపించకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. దారి వెంట పసుపు బోర్డులు కట్టండి, పశువులు కాసేవాళ్లకు నోటితోనూ చెప్పండి.

వాసనలు, చప్పుళ్లు, లైట్లు

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ కుసుమ అంచు పంటగా వేయమని చెబుతారు. నాలుగు వరసలు దట్టంగా, అసలు పంటకంటే ముందే మొలిచేలా వేస్తే పనిచేస్తుంది, పల్చగా వేస్తే దండగ. కుళ్లిన గుడ్డు ద్రావణం లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్ల చొప్పున గెట్టు మీద అడుగు వెడల్పున చల్లొచ్చు. వాన పడితే మళ్లీ చల్లాల్సిందే. ఫోరేట్ గుళికలు మూటకట్టి వేలాడదీయమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం, ముట్టకండి.

పులి గాండ్రింపు స్పీకర్లు, మెరిసే లైట్లు ఒకేచోట ఉంచితే వారానికి అలవాటు పడతాయి. మూడు రోజులకోసారి చోటు మార్చితే పాలకంకి దశ గట్టెక్కొచ్చు. చెవికి వినబడని శబ్దంతో తరుముతామనే పెట్టెలకు డబ్బులు పెట్టకండి. పాత చీరలు కట్టడం కూడా కొత్తలో నాలుగు రోజులే.

కాగితం

పంట రక్షణకు తుపాకి లైసెన్సు ఉంది కాబట్టి పందిని కొట్టొచ్చు అనేది జనంలో బాగా పాతుకుపోయిన పొరపాటు. ఆయుధాల చట్టం 1959 మీకు తుపాకి దగ్గర పెట్టుకునే హక్కు మాత్రమే ఇస్తుంది. జంతువును కొట్టడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద విడిగా రాతపూర్వక ఉత్తర్వు కావాలి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. నిలిచి ఉన్న పంటకు ప్రమాదంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే వేట చట్టబద్ధం. ఏటూరునాగారం, పాకాల లాంటి అభయారణ్యాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకు కొత్త తుపాకి లైసెన్సుకే వార్డెన్ ముందస్తు సమ్మతి అవసరం.

చట్టంలో దారి ఉంది, నడకే నెమ్మది. పాలకంకి దశ మూడు వారాలైతే ఫైలు అంతకంటే ఎక్కువ తిరుగుతుంది. అందుకే కంకి పట్టాక కాకుండా విత్తిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. అటవీ రేంజ్ ఆఫీసరుకు ఇచ్చే కాగితంలో సర్వే నంబరు, విస్తీర్ణం, విత్తిన తేదీ, అడవి హద్దుకు దూరం, తేదీలున్న ఫొటోలు, వ్యవసాయ విస్తరణాధికారి రాసిన నష్టం అంచనా, ఇప్పటిదాకా పెట్టిన కంచె వివరం ఉండాలి. ఒక్క రైతు కంటే పదిమంది కలిసి పెట్టిన దరఖాస్తు తొందరగా కదులుతుంది. నష్టపరిహారం దరఖాస్తు కూడా అదే నష్టం అంచనా మీద ఇచ్చేయండి.

ఉత్తర్వు చేతికొచ్చాక చదవాల్సినవి: గడువు తేదీ, ఏ ఊరి ఏ భూములు, షూటరు పేరు, తుపాకి లైసెన్సు నంబరు, ఎన్నింటికి అనుమతి, పిల్లలున్న ఆడపందిని వదలాలా, కళేబరం ఏం చేయాలి. అందులో లేని ఊళ్లో ఒక్క గుండు పేల్చినా మళ్లీ నేరమే. ఎన్నికల కోడ్ వస్తే తుపాకి స్టేషన్లో అప్పజెప్పాల్సి వస్తుంది, ఆ లెక్క కూడా ముందే వేసుకోండి.

మంచె మీద

పొలాల మధ్య పనికి 12 బోర్ తుపాకి, లావు గుండ్లుండే ఎల్‌జీ తూటా, 30 మీటర్లలోపు దూరం. అంతకు మించితే గుండ్లు విడిపోయి పంది గాయంతో పారిపోతుంది. 315 రైఫిల్ ఇక్కడ వద్దు, తప్పిన గుండు కిలోమీటరు దాటి పక్క ఊరికి పోతుంది. పది పన్నెండు అడుగుల మంచె మీదనుంచి కిందికి కొడితే తప్పిన గుండు నేలలోకే దిగుతుంది. నేల మీద నిలబడి అడ్డంగా కొట్టడం మానుకోండి.

టార్చి పట్టేవాడు వేరే ఉండాలి. వెలుగులో కళ్లు పచ్చగానో తెల్లగానో తళుక్కుమంటే అది పంది కాదు. కుక్క, లేగదూడ, దుప్పి, చిరుత కళ్లు అలా మెరుస్తాయి. పంది కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉండదు, అందుకే మసకగానే కనబడుతుంది. కళ్లు చూసి కొట్టకుండా ఆకారం మొత్తం, మూతి నుంచి తోక దాకా కనబడ్డాకే ట్రిగ్గరు మీద వేలు పెట్టాలి. థర్మల్ స్కోపులకు లక్షలు పెట్టేవాళ్లున్నారు. వేడి మచ్చ ఎక్కడుందో చూపడానికి అవి మంచివే, కానీ మక్క ఆకుల వెనక కూర్చున్న మనిషినీ పందినీ విడదీసి చెప్పలేవు. చూడటానికి వాడండి, గురికి వద్దు.

గురి ముందు కాలి వెనక, ఒంట్లో కింది మూడో వంతు. గాయపడి చేనులోకి పోతే వెంబడించొద్దు. ఎకరం మక్కలో గాయపడ్డ మగపంది మనిషికి రెండడుగుల దూరంలో ఉన్నా కనబడదు. దిక్కు గుర్తుపెట్టుకుని, బీట్ ఆఫీసరుకు ఫోన్ చేసి, తెల్లారాక నలుగురితో పోవాలి.

చట్టం ప్రకారం అనుమతితో కొట్టిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. తొడ కోసుకుని ఇంటికి తెచ్చినా, వాటాలు పంచినా, అమ్మినా కేసు. అటవీ సిబ్బంది ముందు పంచనామా రాయించి, ఆరడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. వాడిన తూటాలు లెక్కకు దాచి, తేదీతో రిజిస్టరులో రాసుకోండి. ఆ మర్నాడే కంచె మొత్తం ఒకసారి నడిచి చూడండి. మిగిలిన గుంపు కొద్ది రోజుల్లో ఇంకో గండి వెతుక్కుంటూ అదే చేనుకు వస్తుంది.