సెఫ్ రీబ్యాలెన్స్ కదలడం లేదా? కొత్త డిస్కులు కొనేముందు ఇవి చూడండి

సెఫ్ అంటే డేటా కాపీలను చాలా సర్వర్ల డిస్కుల్లో పంచి దాచే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్, రీబ్యాలెన్స్ అంటే అది ఆ డేటాను డిస్కుల మధ్య మళ్లీ సర్దడం. లక్షణం: కొత్త డిస్కులు చేర్చారు, లేదా పాడైన డిస్కును తీసేశారు. స్టేటస్‌లో మిస్‌ప్లేస్డ్ (ఉండాల్సిన చోట లేని డేటా) శాతం పొద్దున ఎంతుందో సాయంత్రానికీ దాదాపు అంతే.

అందరూ స్టేటస్‌లో అడుగున ఉండే రికవరీ వేగం దగ్గరికే పరుగెడతారు. పైన హెల్త్ కింద ఉన్న ఫ్లాగుల వరుస చదవండి. మెయింటెనెన్స్ కోసం, డేటా కదలిక ఆపడానికి పెట్టిన నోబ్యాక్‌ఫిల్, నోరీబ్యాలెన్స్, నోరికవర్‌లలో ఏదో ఒకటి అక్కడే ఉండిపోతుంది. నోఅవుట్ మరిచిపోతే ఇంకో తంటా. మామూలుగా ఓఎస్‌డీ (ఒక్కో డిస్కును నడిపే సెఫ్ ప్రాసెస్) పడిపోయిన 600 సెకన్లకు దాన్ని అవుట్ చేసి (లెక్కలోంచి తీసేసి), కాపీలు వేరేచోట కట్టడం మొదలవుతుంది. నోఅవుట్ ఉంటే ఆ పని ఎన్ని రోజులైనా మొదలవదు. ఓఎస్‌డీ అన్‌సెట్ కమాండ్‌తో తీసేయండి, అంతే.

శాతం 5కి దిగి మళ్లీ పైకి ఎక్కుతోందా? అది జబ్బు కాదు. బ్యాలెన్సర్ (డిస్కుల నిండుదలను సమం చేసే భాగం) అయినా, పీజీల (సెఫ్ డేటాను విడగొట్టే గుంపుల) సంఖ్య మార్పు అయినా విడతలవారీగా నడుస్తుంది, మిస్‌ప్లేస్డ్ 5 శాతం కంటే తగ్గాకే తర్వాతి విడత మొదలవుతుంది. వదిలేయండి.

బ్యాక్‌ఫిల్ అంటే డేటాను ఇంకో డిస్కులోకి నింపడం. బ్యాక్‌ఫిల్ టూఫుల్ అని కనిపిస్తే ఓఎస్‌డీ డీఎఫ్ కమాండ్ తీసి, సగటు కాదు, అన్నిటికంటే నిండిన డిస్కును చూడండి. 85 శాతానికి హెచ్చరిక, 90కి ఆ డిస్కులోకి బ్యాక్‌ఫిల్ బంద్, 95కి రాతలే బంద్. బ్యాక్‌ఫిల్‌ఫుల్ హద్దును తాత్కాలికంగా 0.92కి పెంచితే ముడి విడుతుంది. పని అయ్యాక 0.90కి తెచ్చేయాలి. 95 హద్దు జోలికి మాత్రం పోకండి.

ఇక అసలు దొంగ ఎంక్లాక్, అంటే డిస్కు శక్తిని క్లయింట్లకూ రికవరీకీ పంచే షెడ్యూలర్. 2022లో వచ్చిన క్విన్సీ వెర్షన్ నుంచి ఇదే డిఫాల్ట్ షెడ్యూలర్. పాత అలవాటు ప్రకారం మ్యాక్స్ బ్యాక్‌ఫిల్స్‌ను (ఒక్కో ఓఎస్‌డీ ఒకేసారి నడిపే బ్యాక్‌ఫిల్స్ హద్దును) 1 నుంచి 8కి పెంచుతారు, కమాండ్ కిక్కురుమనకుండా తీసుకుంటుంది, వేగం మాత్రం మారదు. ఎంక్లాక్ ఓవర్‌రైడ్ రికవరీ సెట్టింగ్స్‌ను ట్రూ చేయనంతవరకు ఆ అంకెకు విలువ లేదు. అయినా ముందు ముట్టుకోవాల్సింది దాన్ని కాదు, ప్రొఫైల్‌ను, అంటే ఆ పంపకం ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్‌ను. రద్దీ లేని వేళ హై రికవరీ ఆప్స్‌కు మార్చి, పనయ్యాక ఆ సెట్టింగ్ తీసేయండి.

ప్రొఫైల్ మార్చినా కదలకపోతే? ఓఎస్‌డీ మొదటిసారి లేచేటప్పుడు డిస్కుపై చిన్న బెంచ్ నడిపి, అది సెకనుకు ఎన్ని ఐఓలు (చదవడాలు, రాయడాలు) మోయగలదో కొలిచి కాన్ఫిగ్‌లో రాసిపెడుతుంది. ఆ క్షణంలో డిస్కు వేరే పనిలో ఉంటే అసలు కంటే చాలా తక్కువ అంకె పడుతుంది. ఇక ఆ డిస్కు సత్తా అంతేనని ఎంక్లాక్ నమ్మి, దాని వాటాను ఆ మేరకే పంచుతుంది. రీస్టార్ట్ చేసినా పోదు, ఎందుకంటే రాసిపెట్టిన విలువ ఉంటే మళ్లీ కొలవదు. ఆ ఒక్క ఓఎస్‌డీ ఉన్న ప్రతి పీజీ దాని కోసం ఆగుతుంది. హార్డ్ డిస్కుకు 500 దాటి కొలిస్తే మాత్రం నమ్మదు, డిఫాల్ట్ 315 వాడుకుంటుంది.

పట్టుకోవడం తేలిక. కాన్ఫిగ్ డంప్‌లో ఎంక్లాక్ మ్యాక్స్ కెపాసిటీ ఐఓపీఎస్ (సెకనుకు ఐఓలు) వరుసలు చూడండి. ఒకే మోడల్ డిస్కుల అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి, దూరంగా పడిందే దోషి. నోబ్యాక్‌ఫిల్ పెట్టి డిస్కు కాస్త నెమ్మదించాక, ఆ ఓఎస్‌డీకి టెల్ కమాండ్‌తో ముందు క్యాష్ డ్రాప్, తర్వాత బెంచ్ 12288000 4096 4194304 100 ఇవ్వండి. రెండు మూడుసార్లు నడిపి, వచ్చిన ఐఓపీఎస్‌ను కాన్ఫిగ్ సెట్‌తో ఆ ఓఎస్‌డీకే చేత్తో రాయండి. నోబ్యాక్‌ఫిల్ తీయడం మరవకండి, లేకపోతే మళ్లీ మొదటి పేరాకే వస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంకె తక్కువే వస్తే తప్పు కొలతది కాదు, డిస్కుది. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూసి మార్చేయండి. పక్క డిస్కుల అంకె అరువు తెచ్చి రాస్తే రోగం దాగుతుంది.

తొందర ఎప్పుడు పడాలో కూడా తెలియాలి. మిస్‌ప్లేస్డ్ అంటే కాపీలన్నీ ఉన్నాయి, చోటు మాత్రమే తప్పు, నిదానంగా జరగనివ్వండి. డిగ్రేడెడ్ అంటే కాపీలే తక్కువ, క్లయింట్లు కాస్త మందగించినా రికవరీకే వాటా ఇవ్వాలి. మిన్ సైజ్‌ను (రాతలు సాగడానికి ఉండాల్సిన కనీస కాపీల సంఖ్యను) 1 చేయడం పరిష్కారం కాదు, ఇంకో డిస్కు పోతే డేటా పోతుంది.

మిగతావి అరుదు. హోస్టుకు (సర్వర్‌కు) ఒక కాపీ చొప్పున మూడు కాపీలు, ఉన్నవి మూడే హోస్టులు, ఒకటి పోతే మూడో కాపీకి చోటే లేదు, హోస్టు తిరిగొచ్చేదాకా అలాగే ఉంటుంది. ర్యాక్ మొత్తం పడితే సెఫ్ దానంతటది అవుట్ చేయదు, డిఫాల్టే అది. జంబో ఫ్రేమ్‌ల (పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్ల) అనుమానం ఉంటే 8972 బైట్లతో, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్ పెట్టి హోస్టుల మధ్య పింగ్ కొట్టండి. వెళ్లకపోతే దారిలో ఏదో పోర్టు 9000 ఎంటీయూకు (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణానికి) సెట్ కాలేదు.