నవమి పందిట్లో పద్యనాటకం పెట్టించాలంటే

శ్రీరామనవమికి నాటకం అనుకోగానే కమిటీవాళ్ళు మొదట అడిగేది కృష్ణుడు వేషం ఎవరిదని. అడగాల్సింది హార్మోనియం ఎవరిది, మైకుసెట్టు ఎవరిది అని. ఎంత పేరున్న నటుడైనా శ్రుతి కుదరక, మైకు కూతపెడుతుంటే రెండో పద్యానికే జనం లేచి బజ్జీల బండి దగ్గర తేలతారు.

ముందు టైము తేల్చుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకరు వాడకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలించొచ్చు. ఆ సడలింపు నవమికి ఉందో లేదో స్టేషన్లో పర్మిషన్‌కి అర్జీ ఇచ్చేటప్పుడే అడగండి. లేకపోతే తెల్లవార్లూ ఆడించే ఆలోచన మానుకుని, 6.30కి తెర తీసి 9.45కి మంగళహారతి పాడించాలి. చేతిలో ఉన్నది మూడుంపావు గంటలే. నటుల్ని కుదిర్చి తెచ్చే కాంట్రాక్టరు గంట సీను అంటే మీరు గంటన్నర రాసుకోండి. రాగాలాపన, వన్స్‌మోర్‌లు అతని లెక్కలో ఉండవు. ప్రార్థనకు పావుగంట పోను రెండు సీన్లే పడతాయి. శ్రీకృష్ణ రాయబారంలో పడక సీను (పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగొచ్చేది), హరిశ్చంద్రలో కాటి సీను పెట్టుకుంటే చాలు, మూడోదానికి ఆశపడొద్దు. చివరి పల్లెవెలుగు బస్సు ఎన్నింటికో కనుక్కుని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏ సీను కోసం వస్తారో దాన్నే ముందు ఆడించండి.

నవమి రాత్రి నటులకు మంచి గిరాకీ. ఒకే రాత్రి రెండు ఊళ్ళు ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకోవాల్సినవి: ఎవరు ఏ వేషం, హార్మోనిస్టు, తబలా, డ్రెస్సులు, మేకప్, దారి ఖర్చు ఎవరి మీద, సాయంత్రం 4కి ఊళ్ళో ఉండాలన్న మాట. మేకప్‌కి గంటన్నర పడుతుంది. 6కి దిగిన కృష్ణుడు 7.30కి గానీ స్టేజీ ఎక్కడు.

స్టేజీ 24 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు ఉంటే నేలమీద కూర్చున్నవాళ్ళకు పాదాల దాకా కనిపిస్తుంది. సంత మైదానంలో అయితే స్టేజీ వీపు తూర్పుకు పెట్టండి. పొద్దు వాలేటప్పుడు ఎండ జనం కళ్ళలో పడదు. గుడి తూర్పు ముఖంగా ఉంటే స్టేజీ స్వామికి ఎదురుగా వస్తుంది, పెద్దలూ కాదనరు. కాకపోతే నెల్లూరు జిల్లా కావలి వైపు సాయంత్రం సముద్రపు గాలి వీపునే కొడుతుంది. వెనక ఒకే గుడ్డ తెర బిగిస్తే అది తెరచాపలా పొంగి సరుగుడు కర్రల్ని లాగేస్తుంది. తాటాకు తడికెలు కట్టి, వాటి ముందు రంగుల తెర వదులుగా వేలాడదీసి, అడుగున ఇసుక మూటలు పెట్టండి. పైన 11 కేవీ లైను పోతుంటే ఆ చోటు వదిలేయండి, ఎవరెంత చెప్పినా సరే.

ఇక సౌండు. స్టేజీ ముందు అంచుకు మూడు మైకులు: నడుమ ఒకటి, చెరో పక్క ఏడెనిమిది అడుగుల దూరంలో ఒక్కోటి. హార్మోనియానికీ తబలాకీ వేరే మైకులు. స్పీకరు బాక్సులు మైకుల వరస కన్నా కనీసం 6 అడుగులు ముందుకు, జనం వైపు తిప్పి ఉండాలి. బాక్సు మైకుకి వెనక పడితే దాని మోత మళ్ళీ మైకులోకి దూరి, కూత అక్కడే మొదలవుతుంది. అప్పుడు ఆపరేటరు ఎకో తగ్గించడం మాని మొత్తం వాల్యూమే తగ్గిస్తాడు, వెనక వరసలకు పద్యం వినపడదు. అసలు పద్యానికి ఎకో ఎందుకు? సమాసాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి మాట ముద్దయిపోతుంది. మైకులకు స్పాంజి తొడుగులు వేయించండి, గాలి బుసలు తగ్గుతాయి. హార్మోనిస్టు చేత 5.30కి ఒక పద్యం వాయించి, మైదానం చివర నిలబడి వినండి.

జనరేటరు 15 కేవీఏ అంటే వాడుకోదగ్గది సుమారు 12 కిలోవాట్లు. లైట్లు రెండు, సౌండు మూడు, ఫ్యాన్లు, అంగళ్ళు కలిపి రెండు అనుకున్నా ఇంకా వెసులుబాటు ఉంటుంది. అది స్టేజీకి నూరడుగుల అవతల, గాలి వాలులో ఉండాలి. సౌండూ లైట్లూ ఒకే ఫేజు మీద వేయొద్దు. ఎర్తు కడ్డీ పాతి, గుంటలో ఉప్పు, బొగ్గు వేసి, సాయంత్రం బిందెడు నీళ్ళు పోయండి. కరెంటు స్తంభానికి కొక్కేలు తగిలించే పని మాత్రం పెట్టుకోవద్దు, తాత్కాలిక కనెక్షనుకు డబ్బు కట్టండి.

నాటకాన్ని నిజంగా చెడగొట్టేది చదివింపులు. పద్యం సగంలో ఎవరో పది రూపాయల నోటు గుచ్చడం, మైకులో పేరు, ఇంటిపేరు, ఊరు చదవడం, అర్జునుడు చేతులు కట్టుకుని నిలబడటం. నోట్లూ పేర్లూ కింద బల్ల దగ్గర ఒకరు రాసుకుని, సీనుకీ సీనుకీ మధ్య ఒక్కసారే చదవాలి. ఈ మాట ప్రార్థనకు ముందే ప్రకటిస్తే ఎవరూ నొచ్చుకోరు.

మధ్యాహ్నం కల్యాణానికి 400 మందికి పానకం 60 లీటర్లు: బెల్లం 9 కిలోలు, మిరియాల పొడి 120 గ్రాములు, శొంఠి 60, యాలకులు 30. బెల్లం కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టకపోతే అడుగున ఇసుక తగులుతుంది. నిమ్మరసం మీ ఇష్టం. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లు పక్కనే ఉన్నా నవమి నాటికి కాయ ధర కొండెక్కి కూర్చుంటుంది. వడపప్పుకు 5 కిలోల పెసరపప్పు గంటసేపు నానితే చాలు. ఉప్పు, మామిడి తురుము పంచేముందే కలపాలి, లేదంటే నీరు కారుతుంది. మధ్యాహ్నం మిగిలిన పానకం ఆ ఎండకు పులుస్తుంది. రాత్రి నటులకు అది పోయకండి, మంచినీళ్ళూ మజ్జిగా పెట్టండి.

మంగళహారతి కాగానే, మేకప్ తుడుచుకునేలోపే మిగతా డబ్బు లెక్కగట్టి చేతికివ్వండి. మర్నాడు సంత ఉంటే పందిరి గుంటలు ఆ రాత్రే పూడ్చండి, తెల్లవారుజామున కూరగాయల బండ్లు వస్తాయి.