కొత్త జీసీసీకి (సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్) మారే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ వైపు వానాకాలంలో కరెంటు చెప్పి పోదు. యూపీఎస్ లేకపోతే ప్యాకేజీలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మధ్యలో ఆగితే సగం ఇన్‌స్టాలైన ప్యాకేజీలతో తిప్పలు. జీసీసీని సోర్సు కోడ్ నుంచి మనమే కట్టే పని వద్దు, గంటలు తింటుంది. ఉబుంటు లినక్స్ 24.04లో మామూలుగా వచ్చేది జీసీసీ 13వ వెర్షన్. 14 కూడా దాని రిపాజిటరీలోనే (ప్యాకేజీల భాండాగారంలోనే) ఉంది.

- పాత కంపైలర్‌ని తీసేయొద్దు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. విడిగా వేసుకున్న వైఫై డ్రైవర్ లాంటి కెర్నల్ (లినక్స్ మూల భాగం) మాడ్యూళ్లకు, కెర్నల్‌ని కట్టిన కంపైలరే కావాలి.

- ఏ వెర్షన్ వాడాలో ఎంచుకునే ‘అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్’ కమాండ్‌లో, జీసీసీకి జీ ప్లస్ ప్లస్‌ని (సీ ప్లస్ ప్లస్ కంపైలర్) స్లేవ్‌గా, అంటే జీసీసీతో పాటే మారేలా జత చేయండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: సీ కోడ్ 14తో, సీ ప్లస్ ప్లస్ కోడ్ 13తో కంపైల్ అవుతుంటుంది, తెలియదు. మార్చాక రెండింటి వెర్షనూ చూడండి.

- పాత బిల్డ్ ఫోల్డర్ చెరిపేయండి. బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ పాత కంపైలర్ దారినే కాష్‌లో దాచుకుంటుంది.

- సీ ప్రోగ్రాములు సరిచూసుకోండి. ‘stdio.h’ హెడర్ లేకుండా ప్రింట్‌ఎఫ్ రాస్తే 13 వార్నింగ్‌తో వదిలేస్తుంది, 14 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. పాత కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాముల్లో సగం ఇలాంటివే!

- 14తో కట్టిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం పాత లైబ్రరీ ఉన్న మెషిన్‌లో నడవకపోవచ్చు. ఏ మెషిన్‌లో నడపాలో అక్కడే కట్టండి.